తిరిగి వంగేదాకా

ఎదుటి మనిషి తిరిగి వంగకపోతే మనం ఎంతసేపు వంగి ఉండాలి?

ఈ ప్రశ్న నాది కాదు. మణుగూరులో మా కార్మికుల క్లబ్బు హాల్లో తైక్వాండో క్లాసు నడుస్తుండగా, హేమ్లి అనే పన్నెండేళ్ల పిల్ల చేయెత్తి తన మాస్టరు బలరాంను అడిగింది. గోడకు ఇవతల రీడింగ్ రూములో కూర్చుని చదువుకుంటున్న నాకు కూడా వినిపించింది.

"వంగేదాక," అన్నాడు బలరాం.

"అస్సలే వంగకపోతే సార్?"

"ఎందుకు వంగడు? మనిషన్నంక వంగుతడు. ముందుగాల నువ్వు సక్కగ వంగు. మెడ కాదు, నడుము."

పిల్లలు నవ్వారు. క్లాసు సాగిపోయింది. నేను పేజీ తిప్పాను గాని, ఆ పేజీలో ఏముందో ఎక్కలేదు. ఇది జరిగి ఎనిమిదేళ్లు. ఈ ఎనిమిదేళ్లలో ఎన్ని పుస్తకాలు చదివానో, ఆ పిల్లకు చెప్పదగిన జవాబు ఒక్కదాంట్లోనూ కనబడలేదు.

బలరాంది బోనకల్ దగ్గర పల్లె. ఇరవై రెండేళ్ల వయసులో బదిలీ వర్కరుగా బొగ్గు గనిలో చేరాడు. బదిలీ వర్కరంటే పొద్దున్నే వెళ్లి హాజరు వేసే మస్టర్ కిటికీ ముందు నిలబడాలి. పర్మనెంటు మనిషి ఎవరైనా డ్యూటీకి రాకపోతే ఆ రోజుకు పని దొరుకుతుంది, లేదంటే ఇంటికి. కిటికీ ముందు నిలబడి "నమస్తే సార్" అనాలి. లోపలి మనిషి తల ఎత్తడు.

"ఐదేండ్లు పెట్టిన నమస్తే," అనేవాడు నాతో. "గోడకు పెట్టినట్టే అన్నా. గోడన్న నయం, పక్కకు చూడదు."

నేను నవ్వేవాణ్ని. నా ఉద్యోగం స్టోర్స్‌లో క్లర్కు. అలాంటి కిటికీ వెనకే ముప్పై ఏళ్లు కూర్చున్నాను. ఎంతమందికి తల ఎత్తలేదో నాకే తెలియదు.

ఆ రోజుల్లో ఇబోచా అని ఒక మణిపురి జవాను ఇక్కడ సెక్యూరిటీ డ్యూటీలో ఉండేవాడు. సాయంత్రాలు క్లబ్బు హాల్లో నలుగురైదుగురికి తైక్వాండో నేర్పేవాడు. కాళ్లతో తన్నే కొరియా విద్య అని విని, బలరాం ఒకరోజు ఫస్ట్ షిఫ్టు దిగి తిన్నగా అక్కడికి పోయాడు. చెవుల్లో ఇంకా బొగ్గు దుమ్ము ఉంది. గుమ్మంలో నిలబడ్డాడు. ఇబోచా వచ్చి అతని ఎదురుగా మడమలు కలిపి నిలబడి, చేతులు తొడల పక్కన ఆనించి, నడుము దగ్గర వంగాడు.

"నేను ఎనకకు మళ్లి చూసిన అన్నా. ఎవడన్న ఆఫీసరొచ్చిండేమోనని. ఎనక ఎవ్వడు లేడు."

ఈ మాట అతను నాకు కనీసం ఇరవైసార్లు చెప్పి ఉంటాడు. ప్రతిసారీ ఆ వెనక్కి తిరిగి చూడటం కూడా చేసి చూపించేవాడు. బలరాం తైక్వాండోలో చేరింది తన్నడానికి కాదని నాకు మొదటిసారి విన్నప్పుడే అర్థమైంది. తనకు ఎదురుగా ఒక మనిషి వంగాడు. దాని కోసం చేరాడు.

నాలుగేళ్లు నేర్చుకున్నాడు. హైదరాబాదు పోయి పరీక్ష నెగ్గి నల్ల బెల్టు తెచ్చుకున్నాడు. ఇబోచా బదిలీ అయి వెళ్లిపోయేటప్పుడు క్లాసు ఇతనికి అప్పజెప్పాడు. రైలెక్కే ముందు ప్లాట్‌ఫారం మీద వంగాడట. బలరాం కూడా వంగాడు. "ఎవరు ముందు లేవాల్నో తెల్వలే. రైలు కూత పెట్టేదాక ఇద్దరం గట్లనే ఉన్నం. చాయ్ అమ్మేటోడు, ఏం పోయిందన్నా, నేను గూడ ఎతుకుత అన్నడు."

అప్పటినుంచి పాతికేళ్లు క్లాసు అతనే నడిపాడు. గనిలో మట్టీ బొగ్గూ మోసే డంపర్ బండికి ఆపరేటర్ ఉద్యోగం, మూడు షిఫ్టులు, అందులోనే క్లాసు. హాల్లో అడుగుపెడుతూ వంగాలి. ఎదురు గోడ మీది జెండాకు వంగాలి. "చారియత్" అంటే నిటారుగా నిలబడాలి, "క్యుంగ్నే" అంటే వంగాలి, "బారో" అంటే లేవాలి. ఏది ఇచ్చినా రెండు చేతులతో అందుకోవాలి. బెల్టు వదులైతే మాస్టరు వైపు వీపు తిప్పి కట్టుకోవాలి. జంటగా తలపడే ముందు ఒకరికొకరు వంగాలి, తలపడ్డాక మళ్లీ వంగాలి. ఇవన్నీ కొరియావే. వీటి మీద బలరాం తన రూళ్లు రెండు కలిపాడు. ఒకటి, ఎదుటివాళ్లు తిరిగి వంగేదాకా, లేదంటే మాస్టరు "బారో" అనేదాకా లేవకూడదు. రెండు, ఎవరూ ఎవరి కాళ్లూ మొక్కకూడదు.

"ఈడ కాళ్లు పట్టుకునుడు లేదు. వంగితే ఇద్దరం వంగుదాం. నేను గూడ మీకు వంగుత. నేను మరిచిపోతే అడగండి."

హాలు ఊడ్చే ముత్తక్కకు కూడా వంగేవాడు. ఆమెది అడవి వైపు ఊరు. మాటకు మాట అంటించే మనిషి. రోజూ ఆమె ఊడ్చి బయటికి రాగానే ఇతను గుమ్మం దగ్గర నిలబడి వంగేవాడు. ఆమె చీపురు వెనక దాచుకుని, "ఏంది సారూ, నన్ను దేవతను చేస్తవా, పిచ్చిదాన్ని చేస్తవా?" అనేది. "నువ్వు నేర్పేది తన్నుడా, మొక్కుడా? పోరగాండ్లు పొద్దుగూకులు వంగుడే గద. బొందు ఊడితే అటు తిరిగి కట్టుకునుడు ఒక్కటి బాగుంది, గది నేర్పు చాలు." అలా అంటూనే, కొన్నాళ్లకు ఆమె కూడా తల కొంచెం వంచి లేపడం మొదలుపెట్టింది. మెడ మాత్రమే. బలరాం అది సరిదిద్దలేదు. ఆమె ఒక్కతెకే ఆ మినహాయింపు.

మిగతావాళ్లతోనే అతనికి గొడవ. తల్లిదండ్రులకు సర్టిఫికెట్ కావాలి, స్పోర్ట్స్ కోటా కావాలి. "మూడు నెలలాయె, మావాడు ఇంకా వంగుడే నేర్చుకుంటున్నడు, తన్నుడెప్పుడు సార్?" అని అడిగేవారు. పిల్లలు హాల్లోకి పరుగెత్తుతూ, బస్సు ఎక్కుతూ తల తగలకుండా వంచినట్టు ఒక వంపు వంచి లోపలికి పోయేవారు. అతను వాళ్లను వెనక్కి పిలిచి మళ్లీ గుమ్మం నుంచి రమ్మనేవాడు. ఒకడిని తొమ్మిదిసార్లు రప్పించాడు. పదోసారికి వాడు రాలేదు, మర్నాడూ రాలేదు. క్లబ్బు సెక్రటరీ అనిల్‌కుమార్ హాలును చీరల ఫంక్షన్లకూ బారసాలలకూ ఇచ్చేవాడు. మర్నాడు నేలంతా అక్షింతలు, కాగితం పూలు. క్లాసు పిల్లలు నలభైనుంచి పదకొండుకు వచ్చారు. అతని మొహంలో ఎప్పుడూ ఒక చిరాకు ఉండేది. నేను అడిగితే, "వంగుతున్నరు గానీ అన్నా, ఎవలకు వంగుతున్నరో చూస్తలేరు," అనేవాడు.

హేమ్లి ఒక్కతే చూసేది. ఆమెది అడవి అంచున తండా. తల్లి మిరప కోతలకూ తునికాకు కోతకూ పోయేది. పిల్ల గిరిజన బాలికల హాస్టల్లో ఉండి చదువుకుంటూ, వార్డెన్ దగ్గర అనుమతి తెచ్చుకుని క్లాసుకు వచ్చేది. వంగి, ఎదుటి మనిషి నడుము కదిలేదాకా కనుకొసల చూస్తూ ఆగేది. బలరాం మిగతా పిల్లలకు ఆమెను చూపించి, "గదీ" అనేవాడు. అంతకన్నా పొగడ్త అతనికి రాదు. ఇరవై ఏళ్లకు డిగ్రీ చదువుతూ ఆమె నల్ల బెల్టు పరీక్ష నెగ్గింది. ఇన్నేళ్లలో బలరాం చేతి కింద అక్కడిదాకా వెళ్లింది ఆమె ఒక్కతే.

అప్పటికి అతని రిటైర్మెంటు రెండు నెలల్లోకి వచ్చింది. తన తరవాత క్లాసు హేమ్లి నడపాలి. అతనికి ఇక వేరే కోరిక ఏదీ మిగలలేదు. కాని క్లబ్బు హాలు ఉద్యోగులకూ వాళ్ల కుటుంబాలకూ మాత్రమే ఇస్తారు. హేమ్లి తండా పిల్ల. ఆమెకు హాలు ఇవ్వాలంటే పెద్దాఫీసరు సంతకం కావాలి.

అనిల్‌కుమార్ ఉపాయం చెప్పాడు. "బెల్టు ఫంక్షన్ పెడదాం బలరాం. సార్‌ను చీఫ్ గెస్ట్‌గ పిలుద్దాం. పిల్లకు బెల్టు సార్ చేతుల మీదుగ ఇప్పిద్దాం. లెటర్ నా ఫైల్ల ఉంటది. సార్ ఖుషీగ ఉన్నప్పుడు ముందల పెడత. నువ్వు మాత్రం నీ కొరియా రూల్సు ఆ ఒక్క పూటకు బందు పెట్టు."

"రూల్సు ఏం జేసినయ్?"

"ఏం జెయ్యలే. జల్దీ కానియ్యాలె, గంతే."

ఫంక్షన్ రోజు హాలు నిండింది. హేమ్లి తల్లి కూడా వచ్చి వెనక వరసలో కూర్చుంది. పెద్దాఫీసరు మర్యాదస్తుడే. నవ్వుతూ వచ్చాడు, పిల్లలను పేరుపేరునా పలకరించాడు. హేమ్లి పేరు పిలిచారు. ఆమె వేదిక ఎక్కింది. ఆయన బెల్టు అందించాడు. ఆమె రెండు చేతులా అందుకుని, ఒక అడుగు వెనక్కి వేసి, మడమలు కలిపి వంగింది.

ఆయన ఫోటోగ్రాఫర్ వైపు తిరిగి నిలబడ్డాడు. తిరిగి వంగాలని ఆయనకు తెలియదు. ఎవరూ చెప్పలేదు. ఫోటో తీయడం అయింది. ఆయన పక్కకు చూస్తే పిల్ల ఇంకా వంగే ఉంది.

"లేవమ్మా," అన్నాడు అనిల్‌కుమార్ కింద నుంచి. "అయిపోయింది, లే."

ఆమె లేవలేదు. బెల్టు రెండు చేతుల్లో అలాగే ఉంది. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఆఫీసరుకు ఏం చేయాలో తోచక, "ఏమైంది, నడుం పట్టిందా?" అన్నాడు నవ్వుతూ. జనం నవ్వారు. వెనక వరసలో ఆమె తల్లి లేచి నిలబడింది.

నేను ముందు వరసలో ఉన్నాను. లేచి ఆ పిల్లకు ఎదురుగా నిలబడి నేను వంగినా సరిపోయేది. ఎవరు వంగినా సరిపోయేది. అది నాకు ఇంటికి వెళ్లాక తట్టింది.

బలరాం వేదిక పక్కన నిలబడి ఉన్నాడు. తెల్ల బట్టలు, నల్ల బెల్టు. లోపల డాక్టరు ఇచ్చిన నడుం బెల్టు ఇంకొకటి. ఇరవై ఏళ్లు డంపర్ సీటులో ఎగిరిన నడుము అది. వంగొద్దని ఏరియా దవాఖానాలో చెప్పారు. "వంగకుంటే క్లాసెట్ల నడుస్తది డాక్టర్ సాబ్?" అని అడిగి వచ్చినవాడు. అతను "బారో" అంటే చాలు, పిల్ల లేస్తుంది. అతను మెట్లెక్కి ఆమె దగ్గరికి పోయాడు. మైకు దగ్గరే ఉంది కనుక అతను మెల్లగా అన్న మాట అందరికీ వినబడింది.

"సార్ కాళ్లు మొక్కి లేవు బిడ్డా."

ఆమె ఒక్క క్షణం కదల్లేదు. తరవాత ఇంకా కిందికి వంగి ఆఫీసరు బూట్లు తాకి, లేచింది. ఆయన ఆమె తల మీద చేయి పెట్టి, "సంస్కారం ఉన్న పిల్ల," అన్నాడు. చప్పట్లు కొట్టారు. అనిల్‌కుమార్ ఫైలు తెరిచాడు. సంతకం అక్కడికక్కడే అయిపోయింది.

మర్నాడు బలరాం రీడింగ్ రూముకు వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. పేపరు తీసి తలకిందులుగా పట్టుకున్నాడు.

"హాలు వచ్చింది గద," అన్నాను.

"అవ్, వచ్చింది."

"మరి?"

"బారో అందామనే మెట్లెక్కిన అన్నా. సార్ ముందల నేను ఆర్డర్ ఏసినట్టుంటదేమో అనిపిచ్చింది. నోరు తెరిస్తే గదే వచ్చింది. ముప్పై ఎనిమిదేండ్ల నోరు."

"ఆ పిల్లకు చెప్పు ఈ మాట."

"ఏమని చెప్పాలె?" అని విసుక్కున్నాడు. "పాతికేండ్లు ఒద్దని చెప్పినదాన్ని నేనే చేయిస్తి. ఇగ ఏం మొఖం పెట్టుకొని చెప్పాలె?"

హేమ్లి క్లాసుకు రావడం మానలేదు. మానితే బాగుండేదేమో, కనీసం ఒక మాట అయ్యేది. రోజూ వచ్చింది, గుమ్మంలో వంగింది, అతనికి వంగింది. కాని అతను వంగుతున్నాడో లేదో చూడటం మానేసింది. ఒకరోజు నా దగ్గర తీసుకున్న పుస్తకం తిరిగివ్వడానికి వచ్చి, "తాతా, సార్ బారో అంటే సరిపోతుండె గద?" అంది.

"ఆయన నీ కోసమే అట్లా..." అన్నాను.

"నా కోసమే. తెలుసు. హాలు కోసం." పుస్తకం బల్ల మీద పెట్టింది. "ముందుగాల చెప్తే నేనే మొక్కుదును తాతా. మా అమ్మ మేస్త్రీల కాళ్లు మొక్కంగ చూసిన, నాకేం కొత్త గాదు. ఈయన చెప్తేనే, ఆగాలె గావచ్చు అని ఆగిన. ఆగి ఆగి నవ్వులపాలైన."

ఈ మాట నేను బలరాంకు చేరవేయాల్సింది. చేరవేయలేదు. ఇద్దరి మధ్యా నేనెందుకు అనుకున్నాను. ఇలాంటి చోట్ల నేను పుస్తకం తెరుచుకుంటాను, అదొక అలవాటు.

అతని రిటైర్మెంటు అయింది. శాలువా కప్పారు. క్వార్టరు ఖాళీ చేయడానికి గడువు ఉంది. ఆ గడువులో అతను ఒక్కసారి కూడా హాల్లోకి పోలేదు. రీడింగ్ రూములో కూర్చుని గోడ అవతలి మాటలు వినేవాడు. హేమ్లి గొంతు స్పష్టంగా వినబడేది. "చారియత్. క్యుంగ్నే. హనా, దూల్." తరవాత పాదాల చప్పుడు.

"ఆ లెక్క ఏంది?" అన్నాడు ఒకరోజు.

హనా, దూల్ అంటే కొరియాలో ఒకటి, రెండు. హేమ్లి రూలు మార్చిందని నేనే చెప్పాను. వంగి, మనసులో రెండు లెక్కపెట్టి లేవాలి. ఎదుటివాళ్లు వంగినా సరే, వంగకపోయినా సరే. "లెక్క ఉంటే ఎవ్వరూ ఇరుక్కోరు తాతా" అని ఆమె నాతో అన్న మాట కూడా చెప్పాను.

బలరాం గోడ వైపు తిరిగాడు. "రెండు లెక్కవెట్టి లేస్తే, ఎదుటోడు ఉన్నడో లేడో ఎట్ల తెలుస్తది?" అన్నాడు. "డ్రిల్లు చేసినట్టు."

"పోయి చెప్పు మరి."

"క్లాసు ఆమెది." పేపరు మడిచి బల్ల మీద విసిరాడు. నాకూ కోపం వచ్చింది. ఇద్దరూ గోడకు రెండు పక్కల ఉండి నా చెవిలో పోట్లాడుకుంటున్నారు అనిపించింది. "నువ్వు ఒక్కసారి పోయి వంగితే అయిపోతది గదయ్యా," అన్నాను. నా వయసుకు తగని గొంతుతోనే అన్నాను. అతను నడుం పట్టుకుని లేచి వెళ్లిపోయాడు.

క్వార్టరు ఖాళీ చేసిన రోజు సామానుతో చిన్న లారీ క్లబ్బు గేటు దగ్గర ఆగింది. బోనకల్ వైపు పోవాలి. డ్రైవరును ఆగమని చెప్పి బలరాం దిగి వచ్చాడు. పాంటు, చొక్కా. సాయంత్రం క్లాసు అప్పుడే మొదలైంది. వరండాలో ముత్తక్క చీపురు కట్టకు తాడు బిగిస్తోంది. నేను రీడింగ్ రూము గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను. ఆఖరుకు మాట విన్నాడని సంతోషపడ్డాను.

అతను చెప్పులు విడిచి హాలు గుమ్మంలో నిలబడ్డాడు. హేమ్లి చూసింది. ఆమె ముఖం మారింది, అది మాత్రం నేను చూశాను. పిల్లలను అతని వైపు తిప్పింది. ఇప్పుడు ఇరవై మందికి పైనే ఉన్నారు.

"చారియత్," అంది. "క్యుంగ్నే."

ఇరవై నడుములు ఒక్కసారి వంగాయి, ఆమెది కూడా. బలరాం మడమలు కలిపాడు. చేతులు తొడల పక్కకు తెచ్చాడు. వంగడం మొదలుపెట్టాడు. లోపల ఆ నడుం బెల్టు. నొప్పి ఉన్న మనిషి వంగడం చూస్తే తెలుస్తుంది, ఒక్కో అంగుళం అడిగి తీసుకున్నట్టు ఉంటుంది.

"హనా, దూల్."

పిల్లలు లేచారు. హేమ్లి లేచి, అదే ఊపున వాళ్ల వైపు తిరిగింది. "కాళ్లు ఎడం పెట్టండి. మోకాళ్లు వంచండి. పిడికిళ్లు."

బలరాం సగం దాకానే వచ్చి ఉన్నాడు. ఆగలేదు, మిగతా సగం కూడా వంగాడు. ఎదురుగా ఆమె వీపు, దాని మీద నల్ల బెల్టు ముడి కొసలు. అలా ఎంతసేపు ఉన్నాడో చెప్పలేను. ముందు వరసలో ఒక చిన్నపిల్ల అతన్ని చూసి, ఏం చేయాలో తెలియక, హేమ్లి వైపు చూసి, మళ్లీ పిడికిలి బిగించింది. నేను పిలవబోయాను. "హేమ్లీ" అనే మాట నోటిదాకా వచ్చింది. క్లాసు మధ్యలో ఎలా పిలవడం అనుకున్నాను.

అతను తనంతట తాను లేచాడు. ఒక చేయి గుమ్మానికి ఆనించి లేచాడు. చెప్పులు వేసుకోలేదు, చేత్తో పట్టుకున్నాడు.

"పోతున్నవా సారూ?" అంది ముత్తక్క. చీపురు పక్కన పెట్టి, లేచి నిలబడి, తల కొంచెం వంచింది.

అతను ఆమె పక్కనుంచే నడిచిపోయాడు. నా వైపు కూడా చూడలేదు. పాతికేళ్లుగా ఆ గుమ్మం దాటేటప్పుడల్లా వెనక్కి తిరిగి వంగి వెళ్లిన మనిషి, చెప్పులు చేత పట్టుకుని లారీ ఎక్కి కూర్చున్నాడు. డ్రైవరు ఏదో అడిగాడు. అతను పొమ్మన్నట్టు చేయి ఊపాడు. లోపల హేమ్లి పిల్లల చేత గుద్దులు లెక్కపెట్టిస్తోంది. లారీ గేటు దాటి ఎడమకు తిరిగింది.